‘భూమిపైఁ బేరైనం గలదే?’ – బలి ప్రశ్నా, దిగ్విజేతల పేర్లూ

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. పోతన భాగవతం అష్టమ స్కంధంలో, దానం అడగడానికి వచ్చిన పొట్టి వడుగు సాక్షాత్తు విష్ణువేనని శుక్రాచార్యుడు హెచ్చరించినప్పుడు బలి చెప్పిన ఈ శార్దూల పద్యం మనలో చాలామందికి కంఠతా వచ్చినదే.

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁగట్టుకొని పోవం జాలిరే? భూమిపైఁ
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

నా సందేహం ప్రతిపదార్థం గురించి కాదు, పద్యంలోని వాదం గురించి. భూమి మీద ఆ రాజుల పేరైనా మిగిలిందా అని అడిగితే లేదన్న జవాబే వస్తుందని కవి ధీమా. చరిత్రలో జరిగింది దీనికి తలకిందులుగా ఉన్నది కదా? అలెగ్జాండరు చనిపోయి 2300 ఏళ్లు దాటినా ఆయన పేరు వినని బడిపిల్లలు అరుదు. పైగా ఆ పేరు వెనక ‘ది గ్రేట్’ అన్న బిరుదు కూడా అతుక్కొని ఉన్నది. శిబి పేరు పురాణాలు చదివే ఇళ్లలో తప్ప పెద్దగా వినబడదు. గెలిచినవాడి పేరే నిలిచి, ఇచ్చినవాడి పేరు మరుగున పడినప్పుడు ఈ పద్యాన్ని చక్కని నీతిబోధగా తప్ప మరొక విధంగా ఎలా తీసుకోవాలి? ఆ మాటకొస్తే, ఈ పురాతన విజేతలను గొప్పవారని తలచుకోవడం న్యాయమేనా? పద్యాన్ని వదలకుండా చెబితే సంతోషిస్తాను.

సమాధానం

పద్యాన్ని వదలవద్దన్నారు కాబట్టి ముందు క్రియల దగ్గర ఆగుదాం. ఇందులో ఎనిమిది ప్రశ్నలున్నాయి, అవన్నీ ఒకే జాతివి కావు. ‘కారే’, ‘కలుగవే’, ‘పొందరే’, ‘ఈరే’ అన్నవి వ్యతిరేక క్రియల మీద చేరిన ప్రశ్నలు. కాలేదా, కలగలేదా, పొందలేదా, ఇవ్వలేదా అని అర్థం కాబట్టి వాటికి జవాబు ‘అవును’. ‘పోవం జాలిరే’, ‘కలదే’, ‘మఱచిరే’ అన్నవి అనుకూల క్రియల మీద చేరినవి. పోగలిగారా, ఉన్నదా, మరిచారా అంటే జవాబు ‘లేదు’. మధ్యలో ‘వారేరీ’ ఒక్కటే జవాబు ఆశించని ప్రశ్న. రాజుల వైపు రాజ్యమూ గర్వమూ ‘అవును’ కిందకు, వెంట తీసుకుపోవడమూ పేరూ ‘లేదు’ కిందకు వస్తాయి. శిబి వైపు ఇవ్వడం ‘అవును’, మరవడం ‘లేదు’. అంటే పద్యం పేరు అన్న ఒకే వస్తువును రెండుసార్లు తూచి, ఒక పక్క లేదనీ మరొక పక్క ఉన్నదనీ తేల్చింది. మీ అభ్యంతరం సరిగ్గా ఆ తూకం మీదనే కాబట్టి, ఆ తూకం పోతనకు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

సంస్కృత భాగవతంలో ఇదే ఘట్టంలో బలి అన్న మాట వేరు. వెనుదిరగని దైత్యేంద్రులు ఈ భూమిని అనుభవించారు, ‘తేషాం కాలోఽగ్రసీల్లోకాన్ న యశోఽధిగతం భువి’ – కాలం వారి లోకాలను మింగింది కాని, భూమి మీద వారు సంపాదించిన కీర్తిని మింగలేదు అని. అంటే వ్యాసుడి బలి మీ పక్షమే: యోధులకు కూడా పేరు మిగులుతుందని ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, వెంటనే తరువాతి శ్లోకంలో మరొక మాట అన్నాడు: ‘సులభా యుధి విప్రర్షే హ్యనివృత్తాస్తనుత్యజః, న తథా తీర్థ ఆయాతే శ్రద్ధయా యే ధనత్యజః’. యుద్ధంలో వెన్ను చూపక ప్రాణం వదిలేవారు సులభంగా దొరుకుతారు, యోగ్యుడు ఇంటికి వచ్చినప్పుడు శ్రద్ధతో ధనం వదులుకునేవారు అలా దొరకరు. పేరు నిలుస్తుందా అన్నది అక్కడ సమస్యే కాదు. ఏ పని అరుదైనది అన్నదే సమస్య.

ఈ రెండు శ్లోకాలనూ, దధీచినీ శిబినీ చెప్పిన ముందటి శ్లోకాన్నీ కలిపి ఒక్క శార్దూలంగా పోసినప్పుడు పోతన, కీర్తిని మింగలేదన్న ఆ ‘న’ను తిప్పేశాడు. మూలంలో మిగిలిన కీర్తి తెలుగులో మిగలలేదు. ఇది అనువాదంలో జారిన మాట అని నేను అనుకోను. ‘ఇమ్మనుజేశ్వరాధములకు’ కృతినిచ్చి పురాలూ వాహనాలూ పుచ్చుకోనని గ్రంథారంభంలోనే చెప్పుకున్న కవి, రాజుల కీర్తికి కాలం కూడా భయపడుతుందన్న మాటను తన బలి నోట పలికించడానికి ఇష్టపడలేదనే నా అభిప్రాయం. కాబట్టి మీ ప్రశ్నను సగం ఒప్పుకుంటాను. పేర్ల విషయంలో మూలమే వాస్తవానికి దగ్గరగా ఉన్నది, పోతనది ఆగ్రహం. అయితే ఆ ఆగ్రహంలో ఒక నిజం కూడా ఉన్నది, దానికి అలెగ్జాండరే ఉదాహరణ.

ఆ పేరుకు తగిలించిన బిరుదు సంగతి చూడండి. ఇప్పటికి దొరికిన రచనల్లో ‘మహా’ అన్న విశేషణంతో అలెగ్జాండరు మొదట కనబడేది క్రీ.పూ. 200 ప్రాంతంలో రోమన్ నాటకకర్త ప్లాటస్ రాసిన ఒక హాస్యనాటకంలో, అప్పటికి ఆయన చనిపోయి శతాబ్దం దాటింది. ఆ మాట అన్నది చరిత్రకారుడూ కాదు, సేనానీ కాదు. యజమానిని బురిడీ కొట్టించిన ఒక టక్కరి బానిస, మహా అలెగ్జాండరూ, సిసిలీ రాజు అగాథోక్లీసూ ఘనకార్యాలు చేశారంటారు, మరి నా సంగతేమిటి అని గొప్పలు పోతాడు. మనం బిరుదుగా భక్తితో పలికే మాట తొలిసారి మన చెవిన పడేది వెక్కిరింతగానే అన్నమాట.

తూర్పున ఇంకొక బిరుదు ఉన్నది. క్రీ.పూ. 330లో పర్షియా రాజధాని పర్సెపోలిస్ రాజభవనాలను తగలబెట్టినవాడిని ఇరాను జొరాస్ట్రియన్ సంప్రదాయం ‘గుజస్తక్’ అలెగ్జాండరు అన్నది, అంటే శాపగ్రస్తుడు. తమ పవిత్ర గ్రంథాలను కాల్చి, అర్చకులను చంపించాడని ఆ సంప్రదాయం చెబుతుంది. ఇక మన దేశం వైపు చూస్తే, క్రీ.పూ. 327–325 మధ్య సింధునదీ ప్రాంతంలో అంత రక్తపాతం జరిగినా, ఆ దండయాత్రను చెప్పే సమకాలీన భారతీయ రచన ఒక్కటీ మనకు దక్కలేదు. ఒకచోట మహా, ఒకచోట శాపగ్రస్తుడు, ఒకచోట మౌనం. ‘భూమిపైఁ బేరైనం గలదే’ అన్న ప్రశ్నకు ఏ భూమి మీద అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

పేరు నిలవడానికి ఎవరు కష్టపడ్డారన్నది కూడా గమనించాలి. ట్రాయ్ దగ్గర అఖిలీసు సమాధి ముందు నిలబడి, తన కీర్తిని చాటడానికి హోమరు వంటి మహాకవి దొరికిన ఆ వీరుడు అదృష్టవంతుడని అలెగ్జాండరు అన్నట్లు ప్రాచీనులు రాశారు. ఆయన తన యాత్రకు చరిత్రకారుణ్ణి వెంటబెట్టుకొనే బయలుదేరాడు: అరిస్టాటిల్ బంధువైన కాలిస్థెనీసు. తనకు సాష్టాంగపడే పర్షియన్ మర్యాదను అలెగ్జాండరు గ్రీకుల మీద రుద్దబోతే కాలిస్థెనీసు ఎదురు చెప్పాడు. ఆ తరువాత కుట్ర నేరం మోపి అతణ్ణి బంధించారు, అతడు ఆ చెరనుంచి ప్రాణాలతో బయటపడలేదు. క్రీ.పూ. 335లో తీబ్స్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు 6000 మందికి పైగా చనిపోయారనీ, 30 వేల మందిని బానిసలుగా అమ్మారనీ గ్రీకు రచయితలే లెక్క చెప్పారు. ఆ నగరంలో గుళ్లు కాక ఆయన వదిలిపెట్టమన్న ఇల్లు ఒకటున్నది. అది పిండారు అనే కవిది. కవి ఇంటి విలువ తెలిసినవాడే, తక్కిన ఇళ్ల విలువ తెలియలేదు.

అందుచేత నా సమాధానం ఇది. పురాతన విజేతలను గుర్తు పెట్టుకోవాలి, మరవకూడదు. కాని గెలుపు కారణంగా ‘మహా’ అనడం న్యాయం కాదు. ఆ మాట వారి పని మీద మనం ఇచ్చిన తీర్పు కాదు, వారి పేరును మోసినవారి దగ్గరనుంచి మనకు చేతులు మారి వచ్చిన సరుకు.

అభ్యంతరం – ఒక సభ్యురాలు

నమస్కారమండీ. నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మీ వాదం వినడానికి బాగున్నది కాని, ఈనాటి కొలబద్దతో ఆనాటివారిని కొలిచినట్లు అనిపించింది. ఆ కాలంలో బలమున్న ప్రతి రాజూ చేసిన పనినే అలెగ్జాండరు మరింత సమర్థంగా చేశాడు. ఇరవై ఏళ్ల వయసులో గద్దెనెక్కి, ముప్పై మూడో పుట్టినరోజు రాకముందే బాబిలోనులో కన్నుమూసిన ఒక మనిషి మధ్యధరా సముద్రంనుంచి పంజాబు వరకు దారి తెరిచాడు. అలెగ్జాండ్రియా నగరం, అక్కడి పండిత సమాజం, మన వాయవ్య ప్రాంతాల్లో గ్రీకు నాణేలు, చివరకు గాంధార శిల్పంలోని బుద్ధుడి వస్త్రపు మడతలు – వీటన్నిటికీ మూలం ఆ యాత్రే కదా? ఫలితాలను ఉంచుకొని కారకుణ్ణి తోసివేయడం సమంజసమా? పద్యంలో చెప్పిన ‘యశఃకాములై’ అన్న విశేషణం శిబికి పెట్టారు. కీర్తి కోసం ఇవ్వడం తప్పు కానప్పుడు కీర్తి కోసం గెలవడం మాత్రమే ఎందుకు తప్పయింది?

సమాధానం

అమ్మా, మీ చివరి ప్రశ్న అన్నిటికంటె పదునైనది, దానినే ముందు తీసుకుంటాను. ‘ప్రీతిన్ యశఃకాములై’ అన్నాడు పోతన. శిబి కీర్తిని కోరలేదని ఆయన బుకాయించలేదు. కోరికలో ఇద్దరూ సమానులే, తేడా ఖర్చులో ఉన్నది. శిబి కీర్తికి తన తొడ మాంసం కోసి ఇచ్చాడని కథ. అలెగ్జాండరు కీర్తికి ఖర్చు పెట్టింది మధ్యధరా తీరాన ఉన్న తూరు నగరవాసుల శరీరాలను. క్రీ.పూ. 332లో ఏడు నెలల ముట్టడి తరువాత ఆ రేవుపట్నం లొంగినప్పుడు 2000 మందిని సముద్రతీరం వెంబడి కొయ్యలకు కొట్టి వేలాడదీశారనీ, 30 వేల మందిని అమ్మేశారనీ ప్రాచీన రచయితలే రాశారు. తన సొమ్ముతో చేసిన దానాన్నీ పరుల సొమ్ముతో చేసిన దానాన్నీ మన ఊళ్లలో ఎవరూ ఒకే గాటన కట్టరు.

ఈనాటి కొలబద్ద అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. అలెగ్జాండరును తప్పుపట్టిన కొలబద్దలన్నీ పాతవే. మస్సగ దుర్గంలో సంధి చేసుకొని బయటికి వచ్చిన భారతీయ కిరాయి సైనికులను దారిలో చుట్టుముట్టి చంపించడాన్ని, ఆయన యుద్ధకీర్తికి అంటిన మచ్చ అన్నవాడు ప్లూటార్కు. ఆయన అలెగ్జాండరును ఎంతో మెచ్చుకున్న రచయిత. రోమన్ తత్త్వవేత్త సెనెకా అతణ్ణి చిన్ననాటినుంచీ దోపిడిగాడు, జాతులను నాశనం చేసినవాడు అని నిర్మొహమాటంగా రాశాడు. అయిదో శతాబ్దానికి చెందిన అగస్టీను ఒక పాత కథను ఎత్తి చెప్పాడు: పట్టుబడిన సముద్రపు దొంగను సముద్రం మీద నీకేమి పని అని అలెగ్జాండరు అడిగితే, భూమండలం మీద నీకేమి పనో నాకూ అదే పని, చిన్న ఓడతో చేస్తాను కాబట్టి నన్ను దొంగ అన్నారు, పెద్ద దండుతో చేస్తావు కాబట్టి నిన్ను చక్రవర్తి అన్నారు అని అతడు జవాబు చెప్పాడట. కథ జరిగినా జరగకపోయినా, ఆ ప్రశ్న ఆనాడే పుట్టిందన్నది మాత్రం స్పష్టం.

ఇంకొక సాక్ష్యం నేరుగా మన బలి కథకే వచ్చి తగులుతుంది. అలెగ్జాండరు చరిత్ర రాసిన ఆరియను ఒక సంగతి చెప్పాడు. మన దేశంలో ఒక పచ్చికబయలులో కొందరు సాధువులు గుమిగూడి ఉండగా అలెగ్జాండరు సేనతో అటు వచ్చాడు. వాళ్లు ఏమీ మాట్లాడకుండా తమ పాదాలతో నేలను తాటించారు. దుబాసీల ద్వారా అర్థం అడిగితే ఇలా చెప్పారు: రాజా, ప్రతి మనిషికీ తాను నిలబడిన ఈ కాస్త నేలే సొంతం, నీవూ మాలాంటి మనిషివే, కాని ఊరకుండలేక ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చి, నీవు కష్టపడుతూ ఇతరులను కష్టపెడుతున్నావు, త్వరలోనే చనిపోతావు, అప్పుడు నిన్ను పాతిపెట్టడానికి సరిపోయే నేల మాత్రమే నీదవుతుంది. ఆ మాటలను అలెగ్జాండరు మెచ్చుకున్నాడనీ, చేసింది మాత్రం దానికి విరుద్ధమనీ ఆరియనే ముక్తాయించాడు. ఒకచోట మూడులోకాల ప్రభువును మూడడుగుల నేల అడిగిన వడుగు, మరొకచోట దండయాత్రికుడికి అడుగెడు నేల చూపిన సాధువులు. ఈ రెండు కథలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నదని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. అడుగులతో భూమిని కొలిచి రాజును ప్రశ్నించే ఊహ ఈ గడ్డకు కొత్త కాదని మాత్రమే అంటున్నాను.

ఫలితాల సంగతి. దారి తెరిచాడన్నది నిజం, దానిని కాదనను. అయితే అలెగ్జాండ్రియాలో పండిత సమాజాన్ని పోషించింది ఆయన తరువాత ఈజిప్టును ఏలిన టోలమీ రాజులు. గాంధార శిల్పాలు చెక్కింది, ఆయన పోయిన కొన్ని శతాబ్దాలకు, కుషాణుల కాలపు శిల్పులు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. పేరు తెలియని శిల్పికి రావలసిన గౌరవాన్ని పేరు తెలిసిన సేనానికి జమ కట్టడం మనకు అలవాటైన లెక్క, అది సరైన లెక్క కాదు.

ఒక వ్యాఖ్య – సికింద్రాబాదునుంచి

చిన్న చేర్పు. ‘భూమిపైఁ బేరు’ అన్నది అక్షరాలా తీసుకుంటే, ఆయన పేరు మా ఊరి రైల్వేస్టేషను బోర్డు మీదనే ఉన్నది. అలెగ్జాండరు అన్న మాటలో మొదటి ‘అల్’ను అరబ్బులు తమ భాషలోని ఉపపదం అనుకొని వేరు చేయగా ఇస్కందర్, సికందర్ అన్న రూపాలు ఏర్పడ్డాయంటారు. మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఇక్కడి దండుకు సికింద్రాబాదు అన్న పేరు వచ్చింది. 1798 సంధి ప్రకారం నిజాము తన ఖర్చుతో పోషించవలసి వచ్చిన ఇంగ్లీషు సైన్యానికి, జగజ్జేత పేరు పెట్టిన ఊరు బస అయింది. రోజూ ఆ పేరు పలికే లక్షలమందిలో ఎవరికీ మాసిడోనియా గుర్తుకు రాదు. దీనిని పేరు మిగలడం అనాలో, పోవడం అనాలో పెద్దలే తేల్చాలి.

మరొక వ్యాఖ్య

గ్రీకులను మాత్రమే పట్టుకొని వేలాడుతున్నారు. మన గౌతమీపుత్ర శాతకర్ణి మాటేమిటి? ‘త్రిసముద్రతోయపీతవాహనుడు’, అంటే మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలు గలవాడు అని గర్వంగా చెప్పుకుంటాం కదా. ఆయన్నీ ఇదే తక్కెడలో వేస్తారా?

సమాధానం

తప్పకుండా వేయాలి, మనవాడు కాబట్టి ఇంకా జాగ్రత్తగా వేయాలి. ఆ బిరుదు వచ్చేది నాసిక్ గుహలోని ప్రశస్తిలో. అది రాజు చనిపోయిన తరువాత, కొడుకు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, రాజు తల్లి గౌతమీ బాలశ్రీ బౌద్ధ భిక్షువులకు గుహను దానం చేస్తూ వేయించిన శాసనం. భాష ప్రాకృతం. అందులో కొడుకును ‘ఖఖరాత వస నిరవసేస కర’ అన్నది ఆ తల్లి. పశ్చిమ భారతాన్ని ఏలిన శకుల క్షహరాత వంశాన్ని శేషం లేకుండా చేసినవాడని అర్థం. అదే శాసనంలో, అదే విశేషణాల వరుసలో, ‘కితాపరాధే పి సతుజనే అపానహిసారుచి’ అని కూడా ఉన్నది. అపరాధం చేసిన శత్రువు ప్రాణాన్ని సైతం హింసించడానికి ఇష్టపడనివాడు అని. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా పొసగుతాయని తర్కం అడుగుతుంది. కొడుకును పోగొట్టుకొన్న తల్లి శోకానికి రెండూ పొసగుతాయి. ఆ శాసనాన్ని నేను విజయస్తంభంగా కంటె ఒక తల్లి విలాపంగానే చదువుతాను, ఆ చదువులో ఆమె మీద గౌరవం పెరుగుతుంది. కాని ఆ మాటలను చరిత్ర తీర్పుగా తీసుకోలేను.

ఈ సందర్భంలో నాణేల సంగతి చెప్పాలి. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేల నిధి దొరికింది. అవి క్షహరాత రాజు నహపాణుడివి. వాటిలో దాదాపు 9 వేల నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్రలు తిరిగి కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయలేదు, ఓడినవాడి ముఖం మీదనే గెలిచినవాడి గుర్తు వేశాడు. చాలా నాణేల మీద ఆ ముద్ర కింద నహపాణుడి ముఖం, పేరు ఇప్పటికీ తొంగిచూస్తుంటాయి. పేరు తుడిచివేయాలని చేసిన పనివల్లనే, ఆ రాజు ఎవరి చేతిలో పోయాడన్నది మనకు రుజువుతో సహా తెలిసింది.

ఇక మన నేల మీద ఉన్న అన్నిటికంటె పెద్ద సాక్ష్యానికి వస్తాను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పదునాలుగు ప్రధాన శాసనాలూ ఉన్నాయి. వాటిలో పదమూడవది కళింగ యుద్ధానికి సంబంధించినది. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించాననీ, లక్షా యాభై వేలమందిని అక్కడినుంచి తరలించారనీ, లక్షమంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారనీ, అందుకు పశ్చాత్తాపపడుతున్నాననీ రాజే చెప్పుకున్నాడు. అస్సీరియా రాజులు కూడా తాము చంపినవారి లెక్కలు రాయించారు, శత్రువుల తోళ్లు ఒలిపించామని రాయించారు. కాని వారి గొంతులో ఉన్నది గర్వం. లెక్క ఒకటే, గొంతు వేరు. ఆంధ్రుల పేరు కూడా అదే శాసనంలో, అశోకుడి ధర్మాన్ని అనుసరించేవారి జాబితాలో వస్తుంది. గ్రీకు రాజుల వరుసలో ‘అలికసుందర’ అన్న పేరు కూడా వస్తుంది గాని, అతడు మన చర్చలోని అలెగ్జాండరు కాడు, ఆ పేరున్న తరువాతి రాజు; ఉత్సాహవంతులు పొరబడవద్దు.

ఇంత చెప్పినా, అశోకుణ్ణి కూడా నేను ఊరికే వదిలిపెట్టను. ఆయన పశ్చాత్తాపపడ్డాడు కాని కళింగను తిరిగి ఇచ్చిన దాఖలా లేదు. అదే శాసనంలో అడవి జాతులను ఉద్దేశించి, పశ్చాత్తాపపడుతున్నా తనకు దండించే శక్తి ఉన్నదని హెచ్చరించాడు. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ పదమూడవ శాసనాన్ని చెక్కించలేదు. దాని బదులు అధికారులు ప్రజలతో ఎలా మెలగాలో చెప్పే వేరే శాసనాలు పెట్టించాడు. మీ లక్షమందిని చంపాను అని ఆ లక్షమంది పిల్లలకు కనబడేలా రాయడానికి రాజనీతి ఒప్పుకోలేదేమో.

అయినా మన బళ్లలో అశోకుడి గురించి తరతరాలుగా పిల్లలు రాసే మొదటి వాక్యం ‘అశోకుడు దారికిరుప్రక్కలా చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను’ అన్నదే. దానిని పట్టుకొని మనం బోలెడు హాస్యాలాడాం. కాని ఆ వాక్యం ఉత్తది కాదు, రెండవ ప్రధాన శాసనంలో ఆ మాట ఉన్నది, అదీ ఎర్రగుడిలో ఉన్నది. పిల్లలు గుర్తుంచుకొన్నది కళింగ విజయాన్ని కాదు, బావిని. పోతన పద్యంలో ‘ఈరే కోర్కులు’ అన్న ముక్కకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

ఒక విషయం మరవకూడదు. ఆ పద్యం రాసిన 15వ శతాబ్దంలో ఎర్రగుడి బండ దగ్గర నిలబడినవాడికి ఆ రాతలు చదవడం వచ్చి ఉండదు. అంతకు ముందు శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ అశోకుడి స్తంభాలను ఢిల్లీకి మోయించి తెచ్చి, పండితులను పిలిపించి చదవమంటే ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని చదివేవరకు అక్షరాలున్నా పేరు లేదు. కాబట్టి ‘భూమిపైఁ బేరైనం గలదే’ అన్న ప్రశ్నకు, పోతన కాలంలో, పోతన భాష మాట్లాడే నేల మీద, ‘లేదు’ అన్నదే సరైన జవాబు.

మొదటి ప్రశ్న వేసిన సభ్యుడు

ధన్యవాదాలండీ. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. నేను పిల్లల కోసం రాస్తున్న వ్యాసంలో ఈ రాజుల పేర్ల ముందు ఏ మాట పెట్టాలి? ‘జగజ్జేత’, ‘విశ్వవిజేత’ అన్నవి అలవాటుగా వచ్చేస్తున్నాయి. ఇక రెండవది పద్యం గురించి: ‘వారేరీ’ అన్నప్పుడు బలి మనసులో ప్రత్యేకంగా ఎవరైనా ఉన్నారా, లేక అది లోకరీతిగా అన్న మాటేనా?

సమాధానం

‘జగజ్జేత’ వద్దు, అది వాస్తవం కూడా కాదు. క్రీ.పూ. 326లో బియాసు నది దగ్గర సైనికులు ఇక ముందుకు అడుగు వేయబోమని మొండికేస్తే వెనుదిరిగినవాడు ఆయన. మగధను కంటితో చూడనే లేదు. ‘మాసిడోనియా రాజు అలెగ్జాండరు’ అంటే చాలు. ‘ది గ్రేట్’ అన్నది పేరులో భాగంగా స్థిరపడిపోయింది కాబట్టి ఒకసారి చెప్పి, ఆ బిరుదు ఆయన పోయిన తరువాతి మాట అని పక్కనే ఒక వాక్యం రాయండి. సముద్రగుప్తుడికి ‘భారత నెపోలియన్’ అన్న పేరు మరీ అన్యాయం. ఒక బ్రిటిష్ చరిత్రకారుడు పెట్టిన పోలిక అది. ఆ రాజు దక్షిణాపథానికి వచ్చినప్పుడు వేంగి పాలకుడు హస్తివర్మ మొదలైనవారిని పట్టుకొని, విడిచిపెట్టి, అనుగ్రహించాడని అలహాబాదు స్తంభం మీద హరిషేణుడు రాశాడు. ఆయన రాజుగారి సొంత ఉద్యోగి అన్న సంగతీ, ఆ స్తంభం మీద అప్పటికే అశోకుడి శాసనం ఉన్నదన్న సంగతీ పిల్లలకు చెబితే మిగతాది వాళ్లే ఆలోచిస్తారు.

రెండవ సందేహానికి జవాబు మూలంలోనే ఉన్నది. సంస్కృతంలో ‘దైత్యేంద్రైః’ అన్నాడు. రాజులంటే ఎవరో కాదు, దైత్య రాజులు, అంటే బలి సొంత వంశం. విరోచనుడి కొడుకు బలి, ప్రహ్లాదుడి మనుమడు. మూడులోకాలనూ గెలిచిన హిరణ్యకశిపుడు ఆయన ముత్తాత. బలి కూడా విశ్వజిత్ యాగం చేసి, అమరావతి మీదికి దండెత్తి ఇంద్రుణ్ణి వెళ్లగొట్టినవాడే. కాబట్టి ‘గర్వోన్నతిం బొందరే, వారేరీ’ అన్నప్పుడు ఆయన లోకాన్ని కాదు, ఇంట్లోవాళ్లనే అడుగుతున్నాడు. ఆ వరుసలో చివరివాడుగా తననూ చేర్చుకొని అడుగుతున్నాడు. పోతన ‘దైత్యేంద్రులు’ను ‘రాజులు’గా మార్చడంతో పద్యం అందరిదీ అయింది గాని, ఆ ఇంటి లెక్క కంటికి కనబడకుండా పోయింది. వ్యాసంలో ఈ పద్యం వాడితే ఆ బంధుత్వాన్ని తప్పక రాయండి. హిరణ్యకశిపుడి పేరు మాత్రం నిలిచింది కదా అని పిల్లలు అడిగితే, నిలిచిన మాట నిజమేననీ, అది ఆయన గెలిచిన మూడులోకాలవల్ల కాక, కన్నకొడుకును కొండల మీదినుంచి తోయించి, ఏనుగులతో తొక్కించబోయిన కథవల్ల నిలిచిందనీ చెప్పండి.